ఇద్దరు పివట్లు, ఒకే రింగు: పొడుగు ఆటగాళ్లిద్దర్నీ దాడిలో కలిపి ఆడించడం ఎలా

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు కట్టేటప్పుడు ఆరడుగులు దాటిన కుర్రాడు ఒకడు దొరికితే అదే పండగ. ఏదో ఒక ఏడాది ఇద్దరు దొరుకుతారు. ఇక మనకి తిరుగులేదనుకుని ఇద్దర్నీ రింగు కింద చెరోవైపు నిలబెడతారు. మొదటి మ్యాచ్‌లోనే సంగతి బయటపడుతుంది. ఆ ఇద్దరితోపాటు వాళ్లని కాసేవాళ్లిద్దరూ అక్కడే చేరతారు. గార్డు బంతి కొట్టుకుంటూ లోపలికొస్తే ఎదురుగా నలుగురు గోడకట్టి ఉంటారు. మూడో క్వార్టర్‌కల్లా పొడుగోళ్లలో ఒకడు బెంచీ ఎక్కుతాడు, "ఇద్దరూ కలిసి ఆడలేరు" అన్న మాట స్థిరపడిపోతుంది.

కలిసి ఆడగలరు. దానికి కొలబద్ద ఒక్కటే: ఎదుటి జట్టులో ఏ ఒక్క డిఫెండరూ మన పివట్లిద్దర్నీ, అంటే ఆ పొడుగోళ్లిద్దర్నీ, ఒకే చోటినుంచి కాయగలిగేలా ఉండకూడదు. కింద రాసినదంతా ఆ ఒక్క పరీక్ష నెగ్గడానికే. కుర్రాళ్లని రాసినా అమ్మాయిల జట్టుకీ ఇదే వర్తిస్తుంది. బంతి సైజు 7 బదులు 6 అవుతుంది, అంతే తేడా.

ఫోన్లో చూసిన ఆట మన కోర్టులో ఎందుకు కుదరదు

కుర్రాళ్లు ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) క్లిప్పులు చూసి వస్తారు. అక్కడ 2001-02 సీజన్ నుంచి డిఫెన్స్‌కి కూడా మూడు సెకన్ల నిబంధన ఉంది. తన మనిషిని దగ్గరుండి కాయకుండా డిఫెండర్ పెయింట్‌లో, అంటే రింగు ముందు గీసిన పెట్టెలో, మూడు సెకన్లు మించి ఊరికే కాపుకాయకూడదు. మన టోర్నమెంట్లు ఆడేది అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య, అంటే ఫిబా, నిబంధనలతో. వాటిలో మూడు సెకన్లు దాడిచేసేవాడికే. డిఫెండర్ రింగు కింద మంచం వేసుకు పడుకున్నా విజిల్ పడదు.

కాబట్టి బయటినుంచి షాట్ వెయ్యలేని రెండో పివట్‌ని దూరంగా నిలబెట్టినంత మాత్రాన ఖాళీ రాదు. అతని డిఫెండర్ "వాడు వెయ్యలేడులే" అని వదిలేసి లోపలే కూర్చుంటాడు. ఆ డిఫెండర్‌ని బయటికి లాగాలి, లేదా కదలకుండా ఉన్న ప్రతిసారీ అతనికి రెండు పాయింట్ల జరిమానా పడాలి. ఎన్‌బీఏలోని మెంఫిస్ జట్టులో మార్క్ గసోల్ ఫ్రీ త్రో లైన్ మూలలో, జాక్ రాండాల్ఫ్ కింద బ్లాక్ (రింగు పక్కన పెయింట్ గీతకి ఆనుకున్న చోటు) దగ్గర ఆడి నెగ్గుకొచ్చింది ఈ పద్ధతిలోనే. ఇద్దరూ ఎగిరి డంక్‌లు కొట్టే రకం కాదు. పైవాడికి పాస్ వచ్చు, కిందివాడికి చోటు పట్టుకోవడం వచ్చు. మన దేశం సంగతే చూస్తే, 2014లో వుహాన్‌లో జరిగిన ఫిబా ఆసియా కప్‌లో భారత్ చైనాని 65-58తో ఓడించింది. ఆ జట్టులో బయటినుంచి కూడా వెయ్యగల అమ్‌జ్యోత్ సింగ్, లోపల ఆడే అమృత్‌పాల్ సింగ్ ఇద్దరూ ఉన్నారు. జిల్లా స్థాయిలోనూ జంట ఇలా వేరువేరు పనులు తెలిసినవాళ్లదైతే సగం పని తేలికవుతుంది.

గీతలు సరిచూసుకోండి

మన వైపు పాత సిమెంటు కోర్టుల్లో పెయింట్ ఇంకా పాత ఆకారంలోనే కనబడుతుంది. ఫ్రీ త్రో లైన్ దగ్గర 3.6 మీటర్లుండి, ఎండ్ లైన్ దగ్గర 6 మీటర్లకి వెడల్పయ్యే ఆకారం అది. 2010లో ఫిబా దాన్ని 4.9 మీటర్ల వెడల్పున్న దీర్ఘచతురస్రంగా మార్చింది. మూడు పాయింట్ల గీత కూడా అప్పుడే 6.25 నుంచి 6.75 మీటర్లకి జరిగింది.

ఇది చాదస్తం కాదు. పాత కోర్టులో ఫ్రీ త్రో లైన్ మూల, అంటే ఎల్బో, మధ్యనుంచి 1.8 మీటర్లలో ఉంటుంది. కొత్త కొలతలో అది 2.45. పాత మూలలో నిలబడటం అలవాటైన కుర్రాడు బరంపురంలోనో భువనేశ్వర్‌లోనో సరైన కోర్టు మీద ఆడితే 65 సెంటీమీటర్లు లోపలికి వచ్చేస్తాడు. పెయింట్ గీత మీద కాలున్నా లోపల ఉన్నట్టే లెక్క కాబట్టి మూడు సెకన్ల విజిల్ వెంటనే పడుతుంది. కుర్రాడికి ఎందుకో అర్థం కాదు.

కొత్త పెట్టె గీసుకోవడానికి టేపు, పురికొస చాలు. ఎండ్ లైన్ లోపలి అంచు మధ్యలో గుర్తు పెట్టి అటూ ఇటూ 2.45 మీటర్లు కొలవండి. ఆ రెండు చోట్లనుంచి కోర్టు లోపలికి 5.8 మీటర్లు. ఎదురెదురు మూలల మధ్య కొలిస్తే రెండు కర్ణాలూ 7.59 మీటర్లు రావాలి. రాకపోతే పెట్టె వంకరగా ఉందన్నమాట. తడిపిన సుద్దముక్కతో గానీ ఇటుక పెళ్లతో గానీ గీయండి. ముగ్గు పిండి వద్దు, దాని మీద బూటు జారుతుంది. పివట్ కాలు గట్టిగా పాతుకోవాల్సింది సరిగ్గా ఆ గీతల మీదే. వానాకాలంలో పెయింట్ చుట్టూ పట్టే పాచిని బ్లీచింగ్ వేసి, గట్టి చీపురుతో రుద్ది కడిగాకే ఈ సాధన మొదలుపెట్టండి.

తర్వాత ఆరు చోట్ల గుర్తులు పెట్టండి: రెండు ఎల్బోలు, రెండు బ్లాకులు (ఎండ్ లైన్ నుంచి దాదాపు 2 మీటర్ల పైన, పెయింట్ గీతకి ఆనుకుని), రెండు షార్ట్ కార్నర్లు (ఎండ్ లైన్ పక్కనే, పెయింట్ గీతకి ఒక మీటరు, మీటరున్నర బయట). ఇప్పుడు ఒక ఎల్బో నుంచి అదే వైపు బ్లాక్‌కి కొలిస్తే 3.8 మీటర్లే వస్తుంది. ఎదుటి వైపు బ్లాక్‌కి కొలిస్తే 6.2. మధ్యలో చేతులు చాచి నిలబడ్డ డిఫెండర్ 3.8 మీటర్లలో ఒక్క అడుగుతో ఇద్దరికీ అడ్డుపడగలడు. 6.2లో ఎవరో ఒకర్ని వదలాల్సిందే. అందుకే ఖాళీగా ఉన్నప్పుడు పివట్లిద్దరూ ఎప్పుడూ ఐమూలగా ఉండాలి. ఒకడు కుడి బ్లాక్ దగ్గర ఉంటే ఇంకొకడు ఎడమ ఎల్బోలో.

ఎవడు పైన, ఎవడు కింద

పొడుగు చూసి తేల్చకండి. మూడు రోజులు పరీక్ష పెట్టండి. ఇద్దరి చేతా రోజుకి 30 షాట్లు, ఒక్కో ఎల్బో నుంచి 15 చొప్పున, పాస్ అందుకుని డ్రిబుల్ లేకుండా వేయించండి. మొత్తం 90లో 36 పైగా పడితే డిఫెండర్ దగ్గరికి రాక తప్పదు. ఇది ఉజ్జాయింపు లెక్క, మీ స్థాయిని బట్టి కాస్త అటూ ఇటూ చేసుకోవచ్చు. పాస్ కోసం: చేయి చాపితే తగిలేంత దూరంలో ఒకణ్ణి చేతులెత్తి నిలబెట్టి, బ్లాక్‌లో ఉన్నవాడికి పది పాస్‌లు ఇప్పించండి. కనీసం ఏడు కిందివాడి భుజం పైన అందాలి. కిందివాడి పరీక్ష వేరు: వెనకనుంచి ఒకడు గట్టిగా తోస్తుంటే రెండు అంకెలు లెక్కపెట్టేదాకా చోటు వదలకుండా ఉండగలడా, వంకరగా వచ్చిన బంతిని రెండు చేతులా పట్టగలడా, పట్టాక బంతి నేలకి కొట్టకుండా వెయ్యగలడా.

ఒకడికి షాట్ బాగుండి, ఇంకొకడికి చూపు బాగుంటే చూపున్నవాణ్ణే పైన పెట్టండి. షాట్ మూడు నెలల్లో బాగుపడుతుంది. తల ఎత్తి చుట్టూ చూడటం నేర్పడానికి ఏళ్లు పడుతుంది. ఇద్దరికీ షాట్ రాకపోయినా దారి లేకపోలేదు. అప్పుడు పైవాడు బంతి అందుకున్న వెంటనే దగ్గరికి పరిగెత్తుకొచ్చే గార్డుకి బంతిని నేరుగా చేతికి అందించాలి. తనని వదిలేసిన డిఫెండర్ లోపలే ఉన్నాడు కాబట్టి ఆ గార్డుకి స్క్రీన్ (డిఫెండర్ దారికి అడ్డుగా నిలబడ్డ మనవాడు) దాటాక అడ్డం ఎవరూ ఉండరు, ఫ్రీ త్రో లైన్ దగ్గర ఖాళీ షాట్ దొరుకుతుంది.

హై-లో (పైవాడినుంచి కిందివాడికి పాస్): మొత్తం ఆట ఇక్కడే ఉంది

బంతి కుడి వింగ్‌లో, అంటే కుడి పక్కన మూడు పాయింట్ల గీత దగ్గర ఉంది (అక్కడ నిలబడ్డవాణ్ణీ వింగ్ అనే అంటాం). కిందివాడు కుడి బ్లాక్‌లో ఉన్నాడు. అతని డిఫెండర్ బంతి అందకుండా అతని ముందుకొచ్చి, బంతికీ అతనికీ మధ్య నిలబడ్డాడు. మామూలుగా ఇక్కడ గార్డు పైనుంచి లాబ్ (ఎత్తుగా వేసే పాస్) విసురుతాడు, అవతలి వైపు డిఫెండర్ వచ్చి ఎత్తుకుపోతాడు. ఆగండి. ఎడమ ఎల్బోలో ఉన్న పైవాడు ఫ్రీ త్రో లైన్ మధ్యకి రెండు పెద్ద అడుగులు వేసి రెండు చేతులూ చూపాలి. వింగ్ బంతి అతనికిస్తాడు.

ఆ పాస్ గాల్లో ఉండగానే లెక్క తిరగబడుతుంది. ముందు నిలబడ్డ డిఫెండర్ ఇప్పుడు సైడ్ లైన్ వైపు చిక్కుకుపోయాడు, రింగు ముందంతా ఖాళీ. కిందివాడు చెయ్యాల్సింది ఒక్కటే, ఆ డిఫెండర్‌ని అక్కడే బంధించి ఉంచడం. ఈ సీల్‌ని ఒక్కో భాగం విడగొట్టి నేర్పండి. పెయింట్‌కి దగ్గరున్న కాలు ముందు కదలాలి, అది రింగు ముందుకి పడాలి. ఆ వెంటే కుర్చీలో కూర్చోబోతున్నట్టు నడుము దించి, తుంటితో డిఫెండర్ తొడకి ఆనించాలి. భుజంతో నెట్టకూడదు, నెడితే ఫౌల్. డిఫెండర్ వైపు మోచేయి మడిచి ఒంటికి దగ్గరగా ఉంచాలి, అది చాచి పట్టుకున్నా ఫౌలే. రింగు వైపు చెయ్యి పైకెత్తి అయిదు వేళ్లూ విప్పి చూపాలి. బంతి ఆ చేతికే రావాలి.

చాలామంది చేసే పొరపాటు తొందరపాటు. వింగ్ చేతిలోంచి బంతి బయల్దేరకముందే కిందివాడు పెయింట్‌లోకి కాలు పెడితే మూడు సెకన్ల లెక్క అప్పుడే మొదలైపోతుంది. డిఫెండర్‌కి కూడా తిరగడానికి తీరిక దొరుకుతుంది. బంతి వింగ్ వేళ్లు వదిలిన క్షణమే కాలు కదలాలి. రెండో పొరపాటు, బంతి వస్తోందనగానే ఆత్రంగా దాని మీదికి వెళ్లడం. ఒక్క అడుగు ముందుకేసినా సీల్ విడిపోతుంది. బంతి చేతికి తగిలేదాకా తుంటి ఆనే ఉండాలి.

పైవాడి పని చూద్దాం. బంతి అందుకోగానే గడ్డం కింద దాచుకోకూడదు, నుదుటి ఎత్తున ఉంచాలి. రింగు వైపు తిరిగి ముందు కిందికి చూడాలి. పాస్ చదునుగా ఉంటే డిఫెండర్ చేతికి తగులుతుంది, మరీ ఎత్తుగా విసిరితే గాల్లో ఉండగానే సాయం వచ్చేస్తుంది. బోర్డు మీద గీసిన చిన్న దీర్ఘచతురస్రం ఉంటుంది కదా, కిందివాడున్న వైపు దాని పై మూలని గురిచూసి, రెండు చేతులతో తలపైనుంచి వదలమనండి. బంతి కిందివాడికీ రింగుకీ మధ్య దిగుతుంది. అతను దూకి పట్టి అదే ఊపులో వేస్తాడు.

పైవాడికి దక్కేది రెండు అంకెల సమయం. "ఒకటి" అనేటప్పటికి కిందికి చూడటం అయిపోవాలి. "రెండు" అనేటప్పటికి తన డిఫెండర్ ఎక్కడున్నాడో చూసి తేల్చుకోవాలి. వాడు వెనక్కి జారి రింగు దగ్గర లాబ్ కోసం కాచుకుంటే, ఇక ఆలోచన లేదు, షాట్. అవతలి వింగ్‌ని కాసేవాడు లోపలికి వస్తే ఆ వైపు కార్నర్‌కి పాస్. మూడో అంకె దాకా బంతి పట్టుకుంటే వెనకనుంచి గార్డొకడు వచ్చి కొట్టేస్తాడు. పొడుగు కుర్రాళ్లలో ఈ జబ్బు ఎక్కువ: బంతి అందగానే ఒకసారి నేలకి కొట్టాలనిపిస్తుంది. ఆ ఒక్క డ్రిబుల్‌తో కిందివాడి సీల్ వృథా అవుతుంది. సాధనలో పైవాడు డ్రిబుల్ చేస్తే బంతి అవతలి జట్టుకి ఇచ్చెయ్యండి, వారంలో మానేస్తాడు.

కిందివాడి డిఫెండర్ ముందుకి రాకుండా వెనకే ఉంటే హై-లో అక్కర్లేదు, వింగ్ నేరుగా ఇవ్వొచ్చు. అయితే పాస్ ఇచ్చేవాడు, కిందివాడు, రింగు ఒకే వరసలో ఉండాలి. చాలాసార్లు బంతి అవతలి జట్టుకి పోయేది గార్డు మరీ పైన, మధ్యకి దగ్గరగా నిలబడి విసిరినప్పుడు. ఒకటి రెండు డ్రిబుళ్లతో ఎండ్ లైన్ వైపు దిగి ఆ వరస కలుపుకున్నాకే పాస్. బౌన్స్ పాస్ అయితే దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర నేలకి తగలాలి.

బంతి కిందికెళ్లాక రెండోవాడి పని

ఇక్కడే ఎక్కువ జట్లు ఆగిపోతాయి. కిందివాడు బ్లాక్‌లో బంతితో ఉంటే పైవాడు నిలబడి చూస్తుంటాడు, అతని డిఫెండర్ నింపాదిగా వెళ్లి ఇద్దరై కిందివాణ్ణి బిగిస్తారు. పైవాడు చూడాల్సింది బంతిని కాదు, తన డిఫెండర్ మెడని. వాడు తల తిప్పి కిందికి చూసిన క్షణం పైవాడు రింగు ముందుకి దూకాలి. డబుల్ చెయ్యడానికి, అంటే ఇద్దరై ఒకణ్ణి కాయడానికి, వెళ్లినా అంతే. వాడు తనని అంటిపెట్టుకునే ఉంటే ఎల్బోలోనే ఉండిపోవాలి, కిందివాడికి ఒంటరి పోరు దక్కింది, అదే కావాల్సింది.

కిందివాడు కదిలే దిక్కుని బట్టి కూడా ఒక నియమం ఉంది. అతను ఎండ్ లైన్ వైపు తిరిగితే రెండోవాడు పెయింట్ మధ్యకి, ఫ్రీ త్రో లైన్‌కి కాస్త కిందికి రావాలి. అతను మధ్యకి తిరిగితే రెండోవాడు అవతలి షార్ట్ కార్నర్‌కి జారాలి. ఎటు తిరిగినా, సాయానికి వచ్చిన డిఫెండర్ వీపు వెనక ఇంకొకడు ఉంటాడన్నమాట. గార్డు డ్రిబుల్‌తో దూసుకొచ్చినప్పుడూ ఇదే: బేస్‌లైన్ (ఎండ్ లైన్) వెంట వస్తే పివట్ పైకి మధ్యకి, మధ్యలోంచి వస్తే బేస్‌లైన్ వైపు పక్కకి. దూసుకొచ్చే గార్డు దారిలో మన పివట్ నిలబడి ఉండటం కన్నా పెద్ద నేరం లేదు.

పిలుపులు

ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ మ్యాచ్‌లో చెడేది తరచుగా ఇక్కడే. జంటలో ఒకడు ప్లస్ టూ, ఇంకొకడు ప్లస్ త్రీ (డిగ్రీ) ఆఖరి సంవత్సరం అనుకోండి. చిన్నవాడు "అన్నా, మీరు పైకి రండి" అని మర్యాదగా చెప్పేలోపు బంతి పోతుంది. పైగా ఒకే జట్టులో తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవాళ్లు ఉంటారు, ఒత్తిడిలో ఎవరి భాష వాళ్ల నోట వస్తుంది. అందరికీ తెలిసిన మూడు ముక్కలు ఖాయం చెయ్యండి: ఎల్బోకి లేవాలంటే "అప్", బ్లాక్‌కి దిగాలంటే "డౌన్", డబుల్ వస్తోందంటే "రెడ్". కోర్టు మీద అన్నలూ తమ్ముళ్లూ లేరని మొదటి రోజే ఆ పెద్దవాడి చేతే చెప్పించండి.

పిక్ అండ్ రోల్‌లో ఇద్దరూ

ఇద్దరూ రెండు ఎల్బోల్లో నిలబడితే దాన్ని హార్న్స్ అంటారు. గార్డు పిడికిలి చూపితే అందరూ ఆ చోట్లకి చేరాలి. ఇద్దరు మిగతావాళ్లు రెండు కార్నర్లలో. గార్డు ఒక పివట్ స్క్రీన్ వాడుకుని దిగుతాడు, ఆ పివట్ రింగు వైపు రోల్ అవుతాడు. రెండో పివట్ అక్కడే నిలబడకుండా ఫ్రీ త్రో లైన్ పైకి, ఇందాక స్క్రీన్ జరిగిన చోటికి లేవాలి.

గార్డుని ఇద్దరు చుట్టుముడితే బంతి లేచినవాడికి వస్తుంది. అతను చూడాల్సింది రింగు దగ్గర రోల్ అయినవాణ్ణి. గమనించండి, మళ్లీ అదే హై-లో. వేరే ఆట నేర్పడం లేదు. స్క్రీన్ పెట్టేవాడి పాదాలు భుజాలంత వెడల్పులో, చేతులు ఛాతీ దగ్గర కట్టుకుని, తగిలేదాకా కదలకుండా ఉండాలి. గార్డు భుజం స్క్రీన్ తుంటిని రాసుకుంటూ పోవాలి, మధ్యలో చెయ్యి పట్టేంత సందున్నా డిఫెండర్ దూరిపోతాడు. ఎదుటివాళ్లు మనిషిని మార్చుకుంటూ ఉంటే, అంటే స్విచ్ చేస్తుంటే, స్క్రీన్ తగలకముందే పివట్ రింగుకి జారిపోవాలి. పొట్టి గార్డు పివట్ మీద మిగిలిపోతే తొందర వద్దు. బంతి పైవాడికి చేర్చి, కింద పొట్టివాణ్ణి వీపు మీద పెట్టుకున్నవాడికి ఇప్పించండి.

2-3 జోన్ మీద

పొడుగోళ్లిద్దరు కనబడితే ఎదుటి కోచ్ 2-3 జోన్‌లోకి (మనిషిని కాకుండా చోటుని కాసే పద్ధతి, పైన ఇద్దరు, కింద ముగ్గురు) దిగుతాడు, ముఖ్యంగా మన జట్టులో బయటినుంచి వేసేవాళ్లు తక్కువైతే. దానికి విరుగుడు ఈ జంటే. పైవాడు ఫ్రీ త్రో లైన్ మధ్యలో, జోన్ కడుపులో. కిందివాడు జోన్ వీపు వెనక, ఒక షార్ట్ కార్నర్ నుంచి ఇంకొకదానికి బంతితోపాటు బేస్‌లైన్ వెంట నడుస్తుంటాడు. బంతి పైవాడికి చేరగానే జోన్ మధ్యలో ఉన్నవాడు తేల్చుకోవాలి. పైకొస్తే కిందివాడు రింగు దగ్గర ఒంటరి, రాకపోతే ఫ్రీ త్రో దూరం నుంచి షాట్. పైవాడికి చూపుల వరస మారదు: కింద, షాట్, అవతలి కార్నర్. కిందివాడు మాత్రం షార్ట్ కార్నర్లో పెయింట్ బయటే ఉండాలి, పాస్ కదిలాకే లోపలికి. లోపల చిక్కుకుంటే రెండు పాదాలూ బయట పెడితేనే లెక్క కొత్తగా మొదలవుతుంది. ఒక కాలు బయట, ఇంకోటి గాల్లో ఉంటే సరిపోదు.

రీబౌండ్, వెనక్కి పరుగు

పక్కనుంచి వేసిన షాట్ తప్పితే ఎక్కువగా అవతలి వైపే పడుతుంది. రెండోవాడు ఐమూలగా ఉండటం వల్ల అక్కడికి దగ్గర్లోనే ఉంటాడు, దీన్ని వాడుకోండి. అయితే పివట్లిద్దరూ బోర్డుకి వెళ్తే మూడోవాడు ఒక్కడే తోడు వెళ్లాలి. మిగతా ఇద్దరు గార్డుల్లో ఒకడు మధ్య గీత దగ్గర, ఇంకొకడు మూడు పాయింట్ల గీత పైన ఉండాలి. షాట్ లేవగానే వెనక్కి కదలని జట్టు, ఇద్దరు పొడుగోళ్ల వల్ల సంపాదించింది ఫాస్ట్ బ్రేక్‌లో (ఎదుటివాళ్ల మెరుపు దాడిలో) పోగొట్టుకుంటుంది. రింగుకి తగిలిన బంతిని మనమే పట్టుకుంటే షాట్ గడియారం (షాట్ వెయ్యడానికి ఇచ్చే సమయం) 24కి కాదు, 14 సెకన్లకి మారుతుంది. మళ్లీ మొదటినుంచి ఆట కట్టే సమయం లేదు, నేరుగా హై-లోకే వెళ్లాలి.

నాలుగు వారాల సాధన

రోజుకి ఈ పనికి 35 నిమిషాలు చాలు, ఒక రింగు చాలు. ఎండాకాలంలో తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిది లోపు ముగించండి. బడులు పొద్దుటి పూటకి మారితే సాయంత్రం అయిదున్నర దాటాక.

మొదటి వారం డిఫెండర్ లేకుండా. పది నిమిషాలు ఐమూల కదలిక: ఒకడు దిగితే ఇంకొకడు లేవాలి, కోచ్ మధ్యలో నిలబడి "అప్", "డౌన్" అరుస్తాడు. తర్వాత ఒక్కో వైపునుంచి 20 హై-లో పాస్‌లు, పాత్రలు మార్చుకుని ఇంకో 20. రెండో వారం కిందివాడి మీద ఒక డిఫెండర్‌ని పెట్టండి, అతను ఒకసారి ముందూ ఒకసారి వెనకా నిలబడాలి, చెప్పకుండా. మూడో వారం ఇద్దరి మీద ఇద్దరు, వింగ్‌లో పాస్ ఇచ్చే గార్డు ఒకడు. స్కోర్ లెక్క ఇలా పెట్టండి: పైనుంచి కిందికి వెళ్లిన పాస్‌తో బుట్ట పడితే 3, మిగతా ఏ బుట్టకైనా 1. కుర్రాళ్లు దేనికి ఎక్కువ మార్కులో దాన్నే వెతుక్కుంటారు. నాలుగో వారం అయిదుగురి మీద అయిదుగురు, పది నిమిషాల చొప్పున రెండు ఆటలు. ఒక ఆట మనిషికి మనిషి, ఇంకోటి 2-3 జోన్. షాట్ గడియారం బోర్డు లేకపోతే పక్కన ఒకణ్ణి కూర్చోబెట్టి ఫోన్‌తో 24 లెక్కపెట్టించండి.

ఆగిపోతే ఎక్కడ చూడాలి

ఇద్దరూ ఒకే వైపు చేరిపోతుంటే తప్పు సాధారణంగా పైవాడిది. బంతి ఉన్న వైపుకి కాళ్లు వాటంతటవే లాగుతాయి. బంతి తన వైపు వస్తుంటే తను అవతలికి జరగాలన్నది అలవాటు కావాలి. కిందివాడికి పాస్ అస్సలు రావడం లేదంటే ముందు గార్డుల్ని చూడండి. వాళ్లకి ఇష్టం లేక కాదు, అవతలి కార్నర్లో మనవాడు నిలబడకపోవడం వల్ల సాయం వచ్చే డిఫెండర్‌కి కాయాల్సిన పని లేకుండా పోతోంది. బంతి లేని గార్డులిద్దరూ మూడు పాయింట్ల గీత బయటే ఉండాలి, అరడుగు లోపలికొచ్చినా పెయింట్ మళ్లీ ఇరుకే. పైవాడి పాస్‌లు మాటిమాటికీ కొట్టుకుపోతుంటే బంతి ఎక్కడ అందుకుంటున్నాడో చూడండి. మూడు పాయింట్ల గీత దాకా బయటికొచ్చి అందుకుంటే అక్కడినుంచి లాబ్ చాలా దూరం, దారిలో అందరి చేతులూ ఉంటాయి. ఫ్రీ త్రో లైన్‌కి అడుగు పైన, అంతకన్నా బయటికి వద్దు.

జంటలో ఒకడికి మొదటి సగంలోనే మూడు ఫౌళ్లు పడితే, అయిదో ఫౌల్‌తో మొత్తానికే పోకుండా కూర్చోబెట్టక తప్పదు. అప్పుడు మూడో పొడుగోడి కోసం బెంచీ వైపు చూడకండి. పాస్ బాగా ఇచ్చే గార్డుని, అయిదడుగుల ఎనిమిదంగుళాలవాడైనా, పైవాడి చోట ఎల్బోలో నిలబెట్టండి. అతనికి కొత్తగా నేర్పాల్సింది ఏమీ ఉండదు, మూడో వారంనుంచీ వింగ్‌లో నిలబడి ఆ లాబ్ ఎప్పుడు వెళ్తుందో చూస్తూనే ఉన్నాడు.